విశాఖలో సముద్రం సంగతి సరే, మంచినీళ్ల మాటేంటి?

బుధవారం

గోదావరి ఎక్స్‌ప్రెస్ దువ్వాడ చేరేసరికి బోగీలో సగం మంది లేచి సామాన్లు దించుకుంటూ తలుపు దగ్గర నిలబడిపోతారు, ఇంకా బోలెడు టైముందని తెలిసినా సరే. మేమూ నిలబడ్డాం. ఈసారి వచ్చింది అరకు చూడ్డానికీ కాదు, సింహాచలం మొక్కు తీర్చుకోడానికీ కాదు. రిటైరయ్యాక హైదరాబాద్‌లోనే ఉండిపోవాలా, విశాఖ వచ్చేయాలా అని మా ఇంట్లో చాన్నాళ్లుగా నలుగుతున్న మాట ఒకటుంది. దాన్ని ఎటో ఒకటు తేల్చుకుందామని వచ్చాం. మా ఆవిడ అక్కాబావలు ఎంవీపీ కాలనీలో ఉంటారు. మా తోడల్లుడు (నేను అన్నయ్యా అనే పిలుస్తాను) ఎప్పుడు ఫోన్ చేసినా "తమ్ముడూ, ఆ ట్రాఫిక్‌లో ఏం చేస్తారక్కడ, వచ్చీయండి" అనే అంటాడు.

బయల్దేరే ముందు ర్యాంకులూ అవీ చూశాను. 2021లో కేంద్రం ఇచ్చిన జీవన సౌలభ్య సూచీలో పది లక్షల జనాభా దాటిన 49 నగరాలుంటే అందులో విశాఖది 15వ స్థానం, హైదరాబాద్‌ది 24. మొదటి స్థానం ఎవరిదయ్యా అంటే బెంగళూరుది. అక్కడి సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఒక్కసారైనా ఇరుక్కున్నవాడెవడూ ఆ జాబితాని మళ్లీ తెరవడు, నేనూ తెరవలేదు.

అందుకని నా కొలత నేనే పెట్టుకున్నాను. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, బండి నడపడం రాదు. నన్ను పిలవకుండా, ఫోన్లో ఆటో బుక్ చేయకుండా, ఒక్కతే పొద్దున బయటికెళ్లి ఎన్ని పనులు చేసుకుని రాగలదు? ఊరు బాగుందా లేదా అన్నది నాకు అక్కడ తేలుతుంది. ఇప్పుడు మేముంటున్న కూకట్‌పల్లి వైపు అయితే గేటు దాటితే మెయిన్ రోడ్డు, ఆ రోడ్డు దాటడమే ఓ గండం. కూరలు, మందులు, ఆఖరికి కొత్తిమీర కట్ట కూడా ఫోన్లోంచే. అన్నీ గుమ్మంలోకి వస్తాయి, మనిషి మాత్రం గుమ్మం దాటదు. దీన్ని సౌకర్యం అంటున్నారు మరి.

ఎంవీపీలో దిగగానే నేను మొదట అడిగింది నీళ్ల గురించి. పొద్దున ఓ గంట మునిసిపల్ కుళాయి వస్తుందట, ఆ గంటలో సంపు నింపుకోవాలి, వదిన ఆ టైముకి ఇంకే పనీ పెట్టుకోదు. ట్యాంకర్ పిలవాల్సిన రోజులు తక్కువే అంది. ఎదురుగా అంత సముద్రం ఉందా, ఊరు తాగే నీళ్లు మాత్రం ఎక్కడెక్కడి నుంచో రావాలి. గోస్తని మీద తాటిపూడి, ఆపైన రైవాడ, ఊరి అంచున మేఘాద్రిగెడ్డ, ఇవేవీ చాలక ఏలేశ్వరం దగ్గరి ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్ల పైచిలుకు కాలువ. ఆ కాలువ తవ్వింది ప్రధానంగా ఉక్కు ఫ్యాక్టరీ కోసం, ఇప్పుడు ఊరికీ అదే దిక్కు. విశాఖ వచ్చి స్థిరపడాలనుకునే మాలాంటి వాళ్లెవరూ ఫ్లాట్ బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందా అని అడుగుతారు గానీ ఏలేరులో ఈ ఏడు నీళ్లెన్ని ఉన్నాయని అడగరు.

సముద్రం ఇంటికి గాలినే కాదు, తుప్పుని కూడా పంపిస్తుంది. అన్నయ్యగారి గేటు చూశాను. పైనుంచి చూస్తే నీలం రంగు నిగనిగలాడుతోంది, వంగి కింద చూస్తే రంగు పొంగి పొక్కులై ఉంది, ఒక పొక్కు తడితే ఇనుము పెళ్లలు పెళ్లలుగా రాలి చెప్పుల మీద పడింది. కిటికీ ఊచలదీ ఏసీ బయటి యూనిట్‌దీ అదే కథ. "రెండేళ్లకోసారి పెయింటు, అలవాటైపోద్ది" అన్నాడాయన తేలిగ్గా.

గురువారం

మార్గశిర మాసం, అందులోనూ గురువారం. విశాఖ వాళ్లకి ఈ రోజు కనకమహాలక్ష్మి అమ్మవారిది. వదినా మా ఆవిడా ఇంకా చీకటుండగానే లేచి తయారైపోయారు, ఆటోలో అందరం వన్‌టౌన్‌లో బురుజుపేట చేరేసరికి లైను అప్పటికే వీధి మలుపు దాటింది. ఈ అమ్మవారికి గుడి పైకప్పు లేదు, ఆకాశం కిందే ఉంటుంది. భక్తులు నేరుగా వెళ్లి తమ చేత్తో తామే పసుపు, కుంకుమ పెట్టుకోవచ్చు. లైన్లో మా ముందు చేపల బుట్టలమ్ముకునే ఆవిడ, ఆమె ముందు నేవీలో చేస్తున్నాడని చెప్పుకున్న హిందీ కుర్రాడు, వెనక బ్యాంకు ఆఫీసరమ్మ. అందరూ అదే లైనులో నిలబడి కబుర్లాడుకుంటున్నారు.

దర్శనం అయ్యాక నేను వీధులు తిరిగాను. మూడు కొండలు పక్కపక్కనే, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, కింద ఓడలు లోపలికొచ్చే పాయ, దాని అవతల డాల్ఫిన్ నోస్ కొండ. ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి, అరుగుల మీద మనుషులుంటారు. నా కొలత ప్రకారం చూస్తే వన్‌టౌన్‌కి నూటికి నూరు మార్కులు వేయాలి. దర్జీ, మందుల షాపు, పాల బూతు, పిండి మర, చెప్పులు కుట్టే ఆయన, అన్నీ ఒకే వీధిలో. కురుపాం మార్కెట్ నడిచి వెళ్లొచ్చు, పూర్ణా మార్కెట్‌కి షేర్ ఆటో. పెద్దాసుపత్రి, అదే కేజీహెచ్, 1923 నాటిది, అది కూడా దూరమేం కాదు. ఉత్తరాంధ్ర మొత్తమే కాదు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా జనం అక్కడికే వస్తారు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

వదిన స్నేహితురాలింట్లో టీ తాగాం. పాతకాలం మేడ, ఎత్తైన కప్పు, చెక్క దూలాలు. ఆవిడ కుర్చీ వేసే ముందు తడిగుడ్డతో ఒకసారి తుడిచింది. పొద్దున్నే తుడిచానండీ అంటూనే తుడిచింది, గుడ్డ నల్లగా వచ్చింది. బట్టలు డాబా మీద ఆరేయరట, గదిలోనే ఫ్యాను కింద. పిల్లవాడికి చిన్నప్పట్నుంచీ ఇన్‌హేలర్. నేను ఆ గుడ్డ వైపే చూస్తున్నానని గ్రహించి నవ్వుతూ "మాకు కాటుక కొనక్కర్లేదండీ" అంది.

ఇందులో కొంత భూగోళం కూడా ఉంది. ఉత్తరాన కైలాసగిరి వరస, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో ఊరు గిన్నెలో పోసినట్టు ఉంటుంది. ఆ గిన్నె అడుగునే 1933లో పోర్టు వచ్చింది, దాని చుట్టూ రిఫైనరీ, ఎరువులు, ఓడల తయారీ, బొగ్గు, ఇనుప ఖనిజం, వాటిని మోసే లారీలు, రైళ్లు చేరాయి. ఆ గుడ్డ మీది నలుపు ఫలానా వాళ్లదని వేలు పెట్టి చూపించలేం, అందరిదీ కొంచెం కొంచెం. పోర్టు రాకపోతే విశాఖ ఇంత ఊరయ్యేది కాదన్నదీ నిజమే. ఊరికి జీతాలిచ్చిన పనులే వన్‌టౌన్ వాళ్ల కుర్చీల మీద పేరుకుంటున్నాయి, ఆ జీతాలతో పెరిగిన వాళ్లు మాత్రం కొండకి ఇవతల ఇళ్లు కట్టుకున్నారు.

తిరిగొస్తూ ఆటోలో మా ఆవిడ "ఇక్కడైతే నాకు బాగానే ఉంటుందండీ, కానీ ఊపిరాడదు" అంది. ఆమెకి డస్ట్ ఎలర్జీ ఉంది. ఆ మాటతో నా మార్కుల పద్ధతి సగం కూలిపోయింది. నడక దూరంలో అన్నీ ఉన్నా, నడిచేటప్పుడు పీల్చే గాలి కూడా ఉండాలి కదా.

శుక్రవారం

ఇవాళ కొత్త విశాఖ. 900కె బస్సు ఎక్కాం, అది రుషికొండ మీదుగా భీమిలి పోతుంది. ఇక్కడో తమాషా జరిగింది. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం, వదిన ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది. మా ఆవిడ ఆధార్‌లో హైదరాబాద్ అడ్రసు ఉంది కాబట్టి ఆమెకి టికెట్ కొట్టారు. అక్కడ తెలంగాణలో ఈవిడకి ఉచితం, వదినకి కాదు. "అక్కాచెల్లెళ్లని రెండు రాష్ట్రాలు చేసీసారమ్మా" అని కండక్టరమ్మ నవ్వింది. బస్సులో ఎక్కువమంది ఆడవాళ్లే, కాలేజీ పిల్లలు, ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లు, చేపల గంపతో ఇద్దరు. ఉచితం వల్ల బస్సులు కిక్కిరిశాయని మా తోడల్లుడి ఫిర్యాదు. ఆయన బస్సెక్కి ఎన్నాళ్లయిందని అడిగితే మాట మార్చాడు.

రుషికొండ బీచ్ బాగుంది, శుభ్రంగా ఉంది, అందరికీ తెలిసిందే. కొండ మీద కట్టిన భవనాల జోలికి పోను, పోతే ఈ యాత్ర ఇంకెటో తేలుతుంది.

అసలు పని మధురవాడ వైపు. గూగుల్ డేటా సెంటర్ వార్త వచ్చిన దగ్గర్నుంచీ బ్రోకర్ల నడకే మారిపోయిందట. మమ్మల్ని తిప్పిన కుర్రాడు కారు దిగకుండానే ఎడం చేత్తో మూడు వెంచర్లు చూపించేశాడు. పన్నెండో అంతస్తులో మోడల్ ఫ్లాట్. తెర జరపగానే సముద్రం, చెప్పొద్దూ, గుండె ఒక్క క్షణం జారింది. స్విమ్మింగ్ పూల్, జిమ్, పెద్దవాళ్లు కూర్చోడానికి గజీబో, అన్నీ ఉన్నాయి. మా ఆవిడ బాల్కనీలో రెండు నిమిషాలు నిలబడి లోపలికొచ్చి ఆ కుర్రాడిని అడిగింది, "బాబూ, పెరుగు ప్యాకెట్ కావాలంటే ఎక్కడికెళ్లాలి?"

"యాప్‌లో పది నిమిషాల్లో వచ్చేస్తుంది మేడమ్."

"అది కాదు, నేను వెళ్లాలంటే?"

హైవే అవతల ఉంది మేడమ్ అన్నాడు. కిందికి దిగి చూశాం. అది 16వ నంబరు జాతీయ రహదారి, లారీలు, ప్రైవేటు బస్సులు, షేర్ ఆటోలు, మధ్యలో డివైడర్ మీంచి దూకుతున్న కాలేజీ కుర్రాళ్లు. అటు ఫుట్‌పాత్ లేదు, ఇటు ఉన్నది పానీపూరి బళ్ల కింద ఉంది. పన్నెండో అంతస్తు నుంచి సముద్రం కనిపిస్తుంది సరే, పెరుగు ప్యాకెట్ కనిపించదు. కూకట్‌పల్లిలో మేం వదిలించుకుందామనుకున్న బతుకే ఇక్కడ ఇంకొంచెం మంచి గాలితో అమ్ముతున్నారు.

జనరేటర్ గురించి, నీళ్ల గురించి అడిగితే బ్రోకర్ దగ్గర రెడీ జవాబులున్నాయి. హుద్‌హుద్ గురించి అడిగితే మాత్రం తను అప్పుడు హైస్కూల్లో ఉన్నానన్నాడు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను నేరుగా ఊరి మీదికే వచ్చింది. మా తోడల్లుడు అప్పటి సంగతి చెప్పడం మొదలుపెడితే ఆపడు. కిటికీ అద్దాలు పేలిపోయి మంచం కింద దూరారట. తెల్లారాక తలుపు తీస్తే వీధిలో చెట్టన్నది లేదు, ఊరి కొండలు ఆకులన్నీ రాలి కాలిపోయినట్టు ఉన్నాయి. కరెంటు రోజుల తరబడి లేదు, నీళ్ల మోటార్లు ఆడవు. పక్కనే కొత్తగా లేచిన ఎత్తైన అపార్ట్‌మెంట్ నుంచి ఒక పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ దించారట. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు డబ్బుతో ఊళ్లో చాలా చోట్ల కరెంటు తీగలు భూమిలోకి వేశారు, అది నిజంగా పెద్ద పని. అయినా మోకాళ్ల నొప్పుల మనిషిని పన్నెండో అంతస్తులో పెట్టే ధైర్యం నాకు రాలేదు.

భీమిలి దాకా వెళ్లాం, 1861 నాటి మునిసిపాలిటీ, డచ్చివాళ్ల సమాధులు, లైట్ హౌస్. ఎండ ఎక్కువై త్వరగా తిరిగొచ్చేశాం.

శనివారం

పొద్దున టిఫిన్ అవుతుండగా మా ఆవిడ "ఇవాళ మీ వెంట నేను రాను, అక్కా రానక్కర్లేదు, నేనొక్కతినే తిరిగొస్తా" అంది. సరేనని నేను అన్నయ్యతో ఉక్కునగరం పోయాను.

ఉక్కునగరం చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. వెడల్పు రోడ్లు, రెండువైపులా చెట్లు, సెక్టార్ సెక్టార్‌కీ బజారు, స్కూలు, లోపలే ఆసుపత్రి, సాయంత్రం పిల్లలు రోడ్డు మీద సైకిల్ తొక్కుకోవచ్చు. నగరం ఎలా ఉండాలో మన వాళ్లకి తెలియదనుకోవడం తప్పు, తెలుసు, ఒక గేటు లోపల కట్టి చూపించారు కూడా. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో ఊరూరా జనం రోడ్డెక్కితే, కాల్పుల్లో ప్రాణాలు పోతే వచ్చిన ఫ్యాక్టరీ ఇది. ఇందిరా గాంధీ 1971లో శంకుస్థాపన చేశారు. దీని కోసం పొలాలిచ్చిన వాళ్లని వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ పునరావాస కాలనీల్లో పెట్టారు. వచ్చేటప్పుడు ఆ దారినే వచ్చాం. సందులు ఇరుకు, కాలువలు బయటికే, ఉద్యోగం ఇస్తామన్న కార్డు పట్టుకుని ఇప్పటికీ తిరుగుతున్న కుటుంబాలున్నాయని అన్నయ్య చెప్పాడు. గేటుకి లోపలా బయటా అదే గాలి, అదే ఏలేరు నీళ్లు.

గోపాలపట్నం మీదుగా వస్తుంటే ఆయనే ఒకచోట చెయ్యి చూపించి "అదిగో, ఆర్‌ఆర్ వెంకటాపురం అటు" అన్నాడు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైంది అక్కడే, 12 మంది పోయారు. ఊరు పెరిగి పెరిగి ఫ్యాక్టరీ గోడ దాకా వచ్చిందో, ఫ్యాక్టరీ పెరిగి ఊళ్లోకి వచ్చిందో తర్వాత ఎంతైనా వాదించుకోవచ్చు, ఆ రాత్రి ఇళ్లలో నిద్రపోతున్న వాళ్లకి మాత్రం దాని గోడ అవతల ఏం నిల్వ ఉందో ఎవరూ చెప్పలేదు. ఇల్లు కొనేముందు లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్లవి వెతుకుతాం, రెండు కిలోమీటర్లలో ఏ ట్యాంకు ఉందో చూడం. అన్నయ్య ఇది విని "నువ్వు ఇలా మొదలెడితే ఎక్కడా ఇల్లు కొనలేవు తమ్ముడూ" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, మా ఆవిడ ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. టెన్షన్ పడ్డానని ఒప్పుకోను గానీ రెండుసార్లు గేటు దాకా వెళ్లొచ్చాను. నాలుగింటికి వచ్చింది, చేతిలో రెండు సంచులు, మొహం నిండా చెమట, కళ్లల్లో ఈమధ్య నేను చూడని వెలుగు.

చెప్పిన లెక్క ఇది. మొదట ఎంవీపీ రైతు బజారు. 1999లో రైతు బజార్లు పెట్టినప్పటి నుంచీ ఉన్నదట, ధరల బోర్డు చూసి కొన్నది. వంకాయలమ్మే ఆవిడ "ఏటమ్మా, హైద్రాబాదోలా? అయితే తొక్క పల్సగుంటాది చూడండి" అని ఒకటి విరిచి చూపించిందట. అక్కణ్నుంచి నడిచి కళ్లజోడు షాపు, ముక్కు దగ్గర ఊడిపోయిన స్క్రూ బిగించి డబ్బులు తీసుకోలేదు. తర్వాత బస్సెక్కి ఆర్టీసీ కాంప్లెక్స్, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో గంటసేపు వారపత్రికలు. పాత సెంట్రల్ జైలు ఉన్న చోట కట్టిన పార్కులో బెంచీ మీద కూర్చుని ఇంట్లోంచి పట్టుకెళ్లిన పులిహోర తింది. పక్కన కూర్చున్న రిటైర్డ్ టీచరమ్మ మోకాళ్లకి ఏ డాక్టరు మంచిదో కాయితం మీద రాసిచ్చింది. మళ్లీ బస్సు, ఇల్లు. ఫోన్ సంచి అడుగున ఉండిపోయింది, వినపడలేదు.

"రోడ్డు దాటడానికి ఎక్కడ ఇబ్బంది పడ్డావు?" అని అడిగాను, నా పరీక్ష నాది కదా. మద్దిలపాలెం దగ్గర భయమేసిందంది. ఫుట్‌పాత్ మీద స్కూటర్లు పెట్టేశారు, రెండుచోట్ల కిందికి దిగి నడవాల్సొచ్చింది. ఆడవాళ్లకి బాత్రూం మాత్రం లైబ్రరీలో తప్ప దారిలో ఎక్కడా సరైనది దొరకలేదంది. ఈ ఒక్క సంగతి ర్యాంకులిచ్చే కమిటీల్లో ఎంతమంది మగవాళ్లు అడిగుంటారో నాకు అనుమానమే.

ఆదివారం

ఆర్కే బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున బండ్లు రానివ్వరు, ఊరు మొత్తం నడవడానికి దిగుతుంది. లుంగీ మీద వచ్చినవాళ్లు, బూట్లేసుకుని పరిగెత్తేవాళ్లు, యోగా బృందాలు, స్కేటింగ్ పిల్లలు, జలాంతర్గామి మ్యూజియం పక్కన మొలకెత్తిన గింజలమ్మే బండి. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా వచ్చి కూర్చోగలిగిన చోటు ఊరి మధ్యలో ఇంత పెద్దది హైదరాబాద్‌లో నాకు గుర్తు రాలేదు. ట్యాంక్‌బండ్ ఉంది, కానీ ముక్కు మూసుకోవాలి.

ఈ ఇసుక కూడా దానంతటది నిలవడం లేదు. ఔటర్ హార్బర్ కట్టాక దక్షిణం నుంచి ఒడ్డు వెంబడి కదిలి రావాల్సిన ఇసుకకి అడ్డం పడింది, అందుకని డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకని గొట్టాలతో తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. పోయడం ఆలస్యమైతే కోత, రోడ్డు పక్క గోడ దాకా. అందం కూడా మెయింటెనెన్స్ పనే, గేటుకి పెయింటు వేసినట్టు.

ఇంటికొచ్చి నలుగురం కూర్చున్నాం. అన్నయ్యకి మధురవాడ ఫ్లాట్ మీద మనసుంది, పెట్టుబడిగా చూడమంటాడు. వదినకి చెల్లెలు తమ వీధిలోనే ఉండాలి. మా ఆవిడకి వన్‌టౌన్ మీద ఇంకా మమకారం పోలేదు, ఆ గాలి కుదరదని తెలిసి కూడా. నేను కొనడం ఇప్పుడే వద్దన్నాను. మార్గశిరంలో ఏ ఊరైనా బాగుంటుంది, విశాఖ మేలో తెలియాలి, చెమట ఆరని ఆ ఉక్కలో, కుళాయి గంట అరగంట అయిన రోజుల్లో. అది చూడకుండా సంతకం పెట్టకూడదు.

చివరికి మా ఆవిడే తేల్చింది. ఏప్రిల్ నుంచి జూలై దాకా అద్దెకుంటాం. ఎంవీపీ గానీ సీతమ్మధార గానీ, రెండుచోట్లా రైతు బజారు ఉంది. మొదటి అంతస్తు దాటకూడదు, లిఫ్టు ఉన్నా సరే. సంపు ఉండాలి, మునిసిపల్ కనెక్షన్ ఉండాలి, బస్టాపు తను నడవగలిగినంత దూరంలో ఉండాలి. సముద్రం కనిపించక్కర్లేదు.

"ఫర్నిచర్ ఏం తెస్తారు, మా దగ్గరే రెండు మంచాలున్నాయి" అంటోంది వదిన. అన్నయ్య అప్పటికే ఫోన్ తీసి సీతమ్మధారలో తెలిసినాయనకి చేశాడు. అడ్వాన్సు ఎన్ని నెలలది అడుగుతాడో కనుక్కోమని నేను పక్కనుంచి చెబుతున్నాను, మా ఆవిడ నన్ను ఆపి, ముందు బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ బిగించుకోనిస్తాడో లేదో అడగమంది.